పట్టించుకోవద్దని ఎవరికి చెబుతున్నాం?

సంక్రాంతికి సెలవు దొరక్క ఊరెళ్ళలేకపోయిన మా చెల్లెలి కూతురు, బెంగళూరు మారతహళ్ళిలో తనూ ఇంకో ఇద్దరమ్మాయిలూ కలిసి అద్దెకుంటున్న ఇంట్లో రాగిసంగటి కెలికింది. దాన్ని ఒకటిన్నర నిమిషం వీడియో తీసి పెట్టింది. మాది మదనపల్లె. బియ్యపు నూకలు మెత్తగా ఉడికించి, రాగిపిండి పోసి మూతపెట్టి, తెడ్డుతో ఉండలు లేకుండా కెలికి, తడిచేత్తో ముద్ద చేసి, పక్కన చెనిక్కాయల ఊరిబిండి పెట్టుకుంది. "మా యమ్మ చేసినంత మెత్తగా రాలేదు, అయినా బాగుండాది" అని మా యాసలోనే చెప్పి, వేలు చురుక్కుమంటే నవ్వింది. వీడియోలో ఉన్నది అంతే.

ఆదివారం మధ్యాహ్నం పెట్టిన ఆ వీడియో కింద మంగళవారం పొద్దుటికి 1,100 పైచిలుకు వ్యాఖ్యలు చేరాయి. మొదట యాసను పట్టుకున్నారు. "బాగుండాది" అన్న ఒక్క మాటని సాగదీసి, విరిచి, పదుల మంది పదుల రకాలుగా రాశారు. తర్వాత ఎవరో కన్నడంలో, ముద్దె (కన్నడిగుల రాగిముద్ద) మాది, మా ఊళ్ళో ఉంటూ మీ తిండని చెప్పుకుంటారా అన్నారు. దాంతో మనవాళ్ళు కొందరు కన్నడిగుల మీద పడ్డారు. నూకలు వేస్తే అది ముద్దెనా కాదా అన్న దగ్గర మొదలైన గొడవ ఆటో మీటర్ల దాకా, సినిమా హీరోల దాకా పోయింది. మధ్యలో పిల్ల ఒంటి రంగు, ముక్కుపుడక, పెళ్ళి. మంగళవారం సాయంత్రం ఒకడు రాశాడు: "కిటికీలోంచి కనబడే బోర్డు నాకు తెలుసు. రేపు ఏడింటికి ఆ సందు చివర ఉంటా."

ఆ రాత్రే ఫోన్ చేసి "పెద్దమ్మా, నాలుగు రోజులు మీ ఇంటికి వస్తా" అంది. రామమూర్తి నగర్‌లో మా ఇంటికి వచ్చి, అన్నం తిని, చేయి కడుక్కున్నాక గానీ సంగతి చెప్పలేదు. అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట "పట్టించుకోవద్దులే". మా ఆయనా అదే అన్నాడు. మా చెల్లెలు ఫోన్లో అదే చెప్పి, "అయినా నీకా వీడియోలెందుకు" అని కూడా అంది. పిల్ల అన్నింటికీ తలూపింది. రాత్రి రెండింటికి మంచినీళ్ళకి లేస్తే హాల్లో సోఫా మీద ఫోను వెలుగు. దుప్పటి కప్పుకుని ఒక్కొక్కటీ చదువుతోంది.

అప్పట్నుంచీ ఆ "పట్టించుకోవద్దు" నన్ను తొలుస్తూనే ఉంది. ప్రేమతో చెప్పే మాటే. కానీ దాన్ని మనం దెబ్బ తిన్న మనిషికే చెబుతున్నాం. చెప్పి, ఆ వంకతో మనమూ పట్టించుకోవడం మానేస్తున్నాం. ఈ రెండోది తప్పని నేనంటున్నాను. ఎన్ని వైపుల నుంచి ఆలోచించినా అక్కడికే వచ్చి ఆగుతున్నాను.

గాలం ఎవరికి తగులుతోంది

ట్రోల్ అంటే ఉత్తర ఐరోపా జానపద కథల్లోని వికారపు రాక్షసుడు. కానీ ఇంటర్నెట్‌లోకి ఆ మాట చేపల వేట నుంచి వచ్చిందని చాలామంది చెబుతారు. పడవ మెల్లగా సాగుతుంటే వెనక ఎర గుచ్చిన గాలాన్ని నీళ్ళలో ఈడ్చుకుపోవడాన్ని ఇంగ్లీషులో ట్రోలింగ్ అంటారు. 1990ల మొదట్లో యూజ్‌నెట్ అనే పాత ఇంటర్నెట్ చర్చావేదికలో పాతకాపులు కొందరు తెలిసీ తెలియనట్టు ఒక ప్రశ్న విసిరేవారు. ఎవరైనా ఎగబడి జవాబు చెబితే వాడు కొత్తవాడని తేలిపోయేది. ఆ ఆటలో గాలం ఎవరికోసం వేశారో కొరకాల్సిందీ వాళ్ళే. కొరక్కపోతే ఆట అక్కడితో ముగిసేది. "జవాబివ్వకు" అనే సలహా అప్పుడు పుట్టింది, ఆ కాలానికి సరిపోయింది.

మా పిల్ల గాలం కొరకలేదు. ఆ 1,100 మందిలో ఒక్కరికీ జవాబు రాయలేదు. ఆట ఆగిందా? లేదు. ఎందుకంటే ఇప్పుడు కొరకాల్సింది ఆమె కాదు, చుట్టూ చూస్తున్నవాళ్ళు. ఒకడు ఒక మాటన్నాడు, పక్కవాడు నవ్వాడు. ఆ నవ్వు తనకీ కావాలని మూడోవాడు ఇంకాస్త పెద్ద మాట అన్నాడు. ఆమె ఉలకకపోయినా పలకకపోయినా వాళ్ళకు ఏ లోటూ లేదు.

పైగా ఆ రోజుల్లో రాసినవి రాసిన వరసలో కనబడేవి. ఇప్పుడు ఏది పైకి తేవాలో లెక్కగట్టే యంత్రం ఉంది. 2017లో ఫేస్‌బుక్ కోపం బొమ్మతో సహా కొత్తగా వచ్చిన స్పందన గుర్తులకు లైకు కంటే ఐదు రెట్ల విలువ కట్టింది. కోపం బొమ్మలు ఎక్కువగా పడే పోస్టుల్లో విషమూ అబద్ధమూ పాలు ఎక్కువని వాళ్ళ సొంత పరిశోధకులే తేల్చారు. చివరికి 2020లో ఆ బొమ్మ విలువను సున్నా చేశారు. ఇదంతా 2021లో లోపలి పత్రాలు బయటికి రావడం వల్ల లోకానికి తెలిసింది. లెక్కలు మారుతుంటాయి గానీ, ఎక్కడ జనం ఎక్కువసేపు తగువులాడితే దాన్ని ఇంకొంతమందికి చూపించే తీరు పోలేదు. అందుకని తిట్టినవాడి మాట కింద, వాడిని ఏకిపారేశానని సంబరపడుతూ నేను రాసే ప్రతి వాక్యం వాడి మాటనే నెత్తిన పెట్టుకుని ఊరేగిస్తుంది. తిట్టినవాడికి జవాబివ్వొద్దు అన్నంతవరకు పాత సలహా ఇవాళ్టికీ నిజమే. తిట్టించుకున్న మనిషితో ఎవరు మాట్లాడాలన్న సంగతి ఆ సలహాలో లేదు.

అన్నీ కలిపి ఒకే మాట

మన పిల్లల వాడుకలో ట్రోల్ అనే మాట ఎంత సాగిందో చూడండి. బ్రహ్మానందం ముఖంతో చేసిన మీమూ ట్రోలే. మంత్రి మాట తడబడితే నవ్వుకోవడమూ ట్రోలే. ఒకమ్మాయి రంగుని హేళన చేయడమూ, ఆమె ఇంటి సందు చివర నిలబడతాననడమూ ట్రోలే. ఒకే గొడుగు కింద అందరూ దూరడం వల్ల బెదిరించినవాడు కూడా "సరదాకి ట్రోల్ చేశాను బ్రో" అని తప్పుకోగలుగుతున్నాడు.

మనకేమైనా మాటలు కరువా? పరాచికం, ఆటపట్టించడం, వెక్కిరింత, ఎగతాళి, వెటకారం, ఎత్తిపొడుపు, దెప్పు, హేళన, దూషణ, బెదిరింపు. ఇన్ని మాటలు ఊరికే పుట్టలేదు. ఒక్కోదానికి ఒక్కో హద్దు ఉంది. మా చిన్నప్పుడు పెళ్ళిలో వియ్యపురాలి మీద పాట కట్టి ఆమె ఎదుటే పాడేవారు. ఆమె నగలూ నడకా ఏదీ వదిలేవారు కాదు. ఆ పాట పాడే హక్కు చుట్టరికం వల్ల వచ్చింది. మర్నాడు అదే వియ్యపురాలి పక్కన కూర్చుని భోజనం చేయాలి, రేపు మన పిల్ల ఆమె ఇంటికే వెళ్ళాలి. వెనక్కి వచ్చే మాటని కాచుకునే చోట నిలబడి అనేవారు.

వెటకారం వద్దని నేనెప్పుడూ అనను. తెలుగువాళ్ళకి వెటకారం తీసేస్తే కూరలో ఉప్పు తీసేసినట్టే. అధికారం ఉన్నవాళ్ళను నవ్వడం మనకు మిగిలిన కొద్దిపాటి ధైర్యాల్లో ఒకటి. అందుకే, ఏది వెక్కిరింతో ఏది బెదిరింపో దాని అసలు పేరుతో పిలవాలని పట్టుబడుతున్నాను. ఆ వీడియో కింద "సంగటిని చూస్తే మా అవ్వ నెత్తిన మొట్టేది" అని రాసినాయనను పిల్ల కూడా చదివి నవ్వింది. అది పరాచికం. సందు చివర ఉంటానన్నవాడిని, ఈయన్ని ఒకే పేరుతో ఎలా పిలుస్తాం?

మూడో అంతస్తు కుర్రాడు

ఇది రాయాలా వద్దా అని చాలా రోజులు తటపటాయించాను. అతని అనుమతి అడిగి, ఆనవాళ్ళు మార్చి రాస్తున్నాను.

"సంగటి కన్నా ఈమే నల్లగా ఉంది" అన్న వ్యాఖ్యకి 212 లైకులున్నాయి. రాసినవాడి పేరు ఒక హీరో పేరు. ఫొటో మాత్రం మా అపార్ట్‌మెంట్ మిద్దె మీద తీసుకున్నది. వెనకాల నీళ్ళ ట్యాంకు, దాని మీద పెయింటుతో రాసిన అంకె చూసి గుర్తుపట్టాను. మా మూడో అంతస్తులో ఉండే కుర్రాడు. పండక్కి వాళ్ళమ్మ చేసిన అరిసెలు మా ఇంటికి తెచ్చిచ్చింది అతనే.

మా ఆయన వాళ్ళ నాన్న దగ్గరికి వెళదామన్నాడు. పిల్ల స్నేహితురాలు అతని ఫొటోనీ, ఆ వ్యాఖ్యనీ పక్కపక్కన పెట్టి అందరికీ చూపిద్దామంది, ఉద్యోగం ఇవ్వబోయే కంపెనీకి పంపుదామంది. ఒక గంటసేపు నాకూ ఆ కోరిక బలంగానే కలిగింది. చివరికి కింద బేకరీ దగ్గరికి రమ్మని ఫోన్ చేశాను. టీ చెప్పి, ఫోన్ అతని ముందు పెట్టాను.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేను ఆమెకి రాయలేదాంటీ" అన్నాడు.

"మరెవరికి రాశావు నాయనా?"

"ఆమె చదువుతుందని అనుకోలేదు. పైన అందరూ ఏదో ఒకటి వేస్తున్నారు. నేనూ ఒకటి వేశా."

"ఆ పిల్ల మూడు రోజులుగా మా ఇంట్లోనే ఉంది. నిన్న సాయంత్రం లిఫ్టు మూసుకుపోతుంటే తలుపు పట్టుకున్నావు చూడు, ఆమే."

అతని ముఖం చూడలేక నేను రోడ్డు వైపు తిరిగాను. అతనికి కాలేజీలో ఉండగానే ఉద్యోగం వచ్చింది. చేరే తేదీ మాత్రం ఏడు నెలలుగా వాయిదా పడుతోంది. పగలంతా నిద్ర, రాత్రంతా ఫోను. "ఇంట్లో ఎవరూ ఏమీ అనరాంటీ. అనకపోవడమే కష్టంగా ఉంది" అన్నాడు. ఆ 212 లైకులు ఆ నెలలో అతనికి ఎవరైనా చెప్పిన ఒకే ఒక్క శభాష్ అనుకుంటాను. ఇది అతను అనలేదు, నేను అనుకుంటున్నాను.

తర్వాత ఈ విషయం మీద దొరికినవి చదివాను. 2017లో స్టాన్‌ఫర్డ్, కార్నెల్ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. కొందరికి కష్టమైన పరీక్ష పెట్టి మనసు చెడగొట్టారు, కొందరికి తేలికైనది పెట్టారు. తర్వాత ఒక వ్యాసం ఇచ్చి అభిప్రాయం రాయమన్నారు. అందులోనూ కొందరికి పైన అప్పటికే వెకిలి మాటలు కనబడేలా, కొందరికి మామూలు మాటలు కనబడేలా చేశారు. మనసు బాగుండి, పైన మామూలు మాటలున్నప్పుడు రాసినవాటిలో వెకిలివి దాదాపు 35 శాతం. మనసూ చెడి, పైనా వెకిలి మాటలే ఉంటే దాదాపు 68 శాతం. పెద్ద వార్తా సైటులో ఏళ్ళ తరబడి జనం రాసిన మాటలను కూడా వాళ్ళు పరిశీలించారు. రాత్రి పొద్దుపోయాక, వారం మొదట్లో ఇది ఎక్కువట. మామూలు మనిషి కూడా ఆ పూట ట్రోల్ అవుతాడని వాళ్ళు తేల్చింది. మొదట ఎవరు ఏం రాశారన్నది తర్వాత వచ్చేవాడి చేతిని నడిపిస్తుందన్న మాట దగ్గర నేను ఆగిపోయాను.

ఎందుకంటే నాకూ ఒకటి గుర్తొచ్చింది. మూడేళ్ళ కిందట, మార్చి నెలాఖరు, ఆఫీసులో లెక్కలు ముగించే రోజులు. రాత్రి పదకొండు దాటాక మెట్రోలో వస్తూ, ఒక పాటల పోటీలో చిన్నపిల్ల పాడిన వీడియో చూశాను. కింద అందరూ శ్రుతి పోయిందని రాస్తున్నారు. "ఇంట్లో పాడుకుంటే సరిపోయేది" అని నేనూ రాశాను. పొద్దున 60 మంది మెచ్చుకున్నారు. నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషం ఇప్పుడు గుర్తుచేసుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఆ పిల్లకి పదేళ్ళుంటాయేమో. బేకరీ నుంచి వచ్చిన రాత్రి వెతికి దాన్ని తీసేశాను. మూడేళ్ళు అది అక్కడే ఉంది.

అలాగని అందరూ ఆ కుర్రాడిలా, నాలా ఉంటారని చెప్పి వదిలేయలేను. 2014లో కెనడా మనస్తత్వవేత్తల అధ్యయనం ఒకటి వచ్చింది. ఇంటర్నెట్‌లో తమకు అన్నిటికన్నా నచ్చే పని ఇతరులను ట్రోల్ చేయడమే అన్నవాళ్ళు అందులో నూటికి ఆరుగురు కూడా లేరు. కానీ ఆ కొద్దిమందిలో ఎదుటివాళ్ళ బాధ చూసి ఆనందపడే గుణం గట్టిగా కనబడింది. బోర్డు గుర్తుపట్టినవాడు ఆ జాతి అని నా అనుమానం. వాడిని బేకరీకి పిలిచి టీ ఇప్పిస్తే ఏమీ మారదు. చుట్టూ ఉన్న మామూలు మనుషులు మెచ్చుకోవడం మానేస్తే వాడికి గాలి తగ్గుతుంది, వాడి సంగతి చట్టం చూసుకోవాలి.

కుర్రాడు ఆ సాయంత్రమే తన వ్యాఖ్య తీసేశాడు. క్షమాపణ రాస్తానన్నాడు. పిల్లని అడిగాను. "వద్దు పెద్దమ్మా. రాస్తే ఆయనకి తేలికవుతుంది. నాకు మళ్ళా ఆ పేరు కనబడుతుంది" అంది. ఈ మాటకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

ఆకాశరామన్నలు, అసలు పేర్లు

అందరూ అసలు పేరుతో, గుర్తింపు కార్డుతో రాయాలంటే ఇదంతా ఆగిపోతుందని మా ఆఫీసులో చాలామంది అంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. దక్షిణ కొరియా 2007లో ఆ పని చేసి చూసింది. పెద్ద సైట్లలో రాయాలంటే అసలు గుర్తింపు ఇవ్వాల్సిందే అన్నారు. దూషణ పెద్దగా తగ్గలేదు. 2011లో ఒక్క దాడిలో మూడున్నర కోట్ల మంది ఖాతాల వివరాలు దొంగలపాలయ్యాయి. 2012లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిబంధనను కొట్టేసింది. అంత దూరం ఎందుకు, మా పిల్లని తిట్టినవాళ్ళలో సగం మంది సొంత పేర్లతో, పెళ్ళాం పిల్లలతో తిరుమలలో దిగిన ఫొటోలతోనే తిట్టారు. మొగుడు కొడుతున్నాడని ఎక్కడైనా చెప్పుకోవాలనుకునే ఆడమనిషికి మాత్రం ఆ మారుపేరే దిక్కు.

పేరు దాచి రాయడం మనకు కొత్త కాదు. ఆకాశరామన్న ఉత్తరం తెలియని తెలుగు ఇల్లు ఉండదు. మా అక్క పెళ్ళి కుదిరాక మా నాన్నకి ఒకటి వచ్చింది. మదనపల్లెలో రాసి, పోస్టు ముద్రలో ఊరు దొరక్కుండా ఎక్కడో చిత్తూరులో డబ్బాలో వేశారు. నాన్న దాన్ని చించలేదు. జేబులో పెట్టుకుని వియ్యంకుల ఇంటికి వెళ్ళి, "మా పిల్ల మీద ఇలా రాశారు, మీరు కూడా చదవండి" అని చేతికిచ్చాడు. ఆ పెద్దాయన లోపలికెళ్ళి ట్రంకుపెట్టెలోంచి అదే చేతిరాతతో ఉన్న ఇంకో ఉత్తరం తెచ్చి పక్కన పెట్టాడు. వారం కిందటే వచ్చిందట. "మేం నమ్మితే మీకు చెప్పేవాళ్ళం" అన్నాడు. పెళ్ళి జరిగింది. రాసింది ఎవరో ఇవాళ్టికీ తెలియదు.

ఆ ఉత్తరం రాసినవాడు కార్డు కొనాలి, చేతిరాత మార్చాలి, బస్సెక్కి వేరే ఊరు వెళ్ళాలి. ఆ శ్రమ ఇప్పుడు లేదు, రెండు ఇళ్ళకే పరిమితమయ్యే హద్దూ లేదు. అయినా ఆనాడు దాని విషం విరిగింది రాసినవాడిని పట్టుకోవడం వల్ల కాదు. చదివిన ఇద్దరు పెద్దమనుషులు మా అక్క పక్షాన నోరు విప్పడం వల్ల.

కఠినమైన చట్టం కావాలనేవాళ్ళకు 2012 గుర్తు చేస్తాను. ముంబై బంద్ గురించి ఫేస్‌బుక్‌లో రెండు మాటలు రాసినందుకు పాల్ఘర్‌లో ఒకమ్మాయిని, దానికి లైకు కొట్టినందుకు ఇంకో అమ్మాయిని అరెస్టు చేశారు. ఇంటర్నెట్‌లో చిరాకు తెప్పించే రాతను కూడా నేరంగా చూసిన ఐటీ చట్టంలోని 66ఎ సెక్షను చేతికి దొరికితే ఏం జరిగిందో అది. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షనును కొట్టేసింది, మంచి పని చేసింది. ఎవరికో చిరాకు తెప్పించడం నేరమైతే రేపు నేను రాసేదీ నేరమే. బెదిరింపుకి మాత్రం ఇప్పటికే చట్టాలున్నాయి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షను ఆడవాళ్ళను వెంటాడడం గురించి, ఇంటర్నెట్‌లో వెంటాడడమూ అందులోకే వస్తుంది. 351 బెదిరింపు గురించి. పేరు దాచి బెదిరిస్తే అదనంగా రెండేళ్ళ దాకా శిక్ష ఉంది.

సందు చివర ఉంటానన్నవాడి మీద ఫిర్యాదు ఇచ్చాం. ఇక్కడ మేం చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. భయపడి ముందే అతన్ని బ్లాక్ చేశాం. మా దగ్గర మిగిలిన స్క్రీన్‌షాట్‌లో పేరు మాత్రమే ఉంది, ఆ పేరు మర్నాటికే మారిపోయింది. ముందు ఆ ఖాతా లింకు, ఆ వ్యాఖ్య లింకు, తేదీ, సమయం కనబడేలా ఫొటో దాచుకోవాలి, ఆ తర్వాతే బ్లాక్ చేయాలి. అదృష్టం కొద్దీ పిల్ల స్నేహితురాలి ఫోన్లో లింకు ఉంది. జాతీయ సైబర్ క్రైం పోర్టల్‌లో పెట్టి, ఆ కాగితం పట్టుకుని స్టేషన్‌కి వెళ్ళాం. "మీ అమ్మాయి వీడియో ఎందుకు పెట్టింది" అని అక్కడ కూడా ఒకరు అడిగారు. రాసుకున్నది మాత్రం రాసుకున్నారు. ఆ ఖాతా పోయింది. మనిషి ఎవరో మాకింకా తెలియదు.

అప్రస్తుత ప్రసంగి

వయ్యాలికావల్‌లో శ్రీకృష్ణదేవరాయ కళామందిరంలో ఎప్పుడో చూసిన అష్టావధానం ఈ మధ్య పదే పదే గుర్తొస్తోంది. ఎనిమిది మంది పృచ్ఛకుల్లో ఒకాయన పని అవధానిని చెడగొట్టడమే. సమస్యా పూరణంలో మూడో పాదం నోట్లో ఉండగా, "అవధానిగారూ, మీ ఇంట్లో ఇవాళ ఉప్మానా?" అంటాడు. అప్రస్తుత ప్రసంగి. అడ్డు తగిలేవాడికి మన పెద్దలు వేదిక మీద కుర్చీ వేశారు. అతనికి పేరుంది, ముఖం కనబడుతుంది, ఎదురు జవాబు తగిలితే అందరి ముందూ తగులుతుంది. నేను చూసిన రోజు ఆయన ఒక మాట కాస్త మోతాదు మించి అన్నాడు. అవధాని జవాబు చెప్పలేదు, సంచాలకుడూ ఏమీ అనలేదు. సభలో ఎవరూ నవ్వలేదు, అంతే. ఆయనే సర్దుకుని ఇంకో ప్రశ్న వేశాడు. మూడు వందల మంది నవ్వకపోవడం ఎంత గట్టిగా వినిపిస్తుందో అప్పుడు విన్నాను.

ఫోన్లో ఆ మౌనం వినబడదు. అదే చిక్కు. వెయ్యి మంది చదివి బాధపడి పక్కకి జరిపేస్తే ఒక్కరి జాడా అక్కడ మిగలదు. నవ్విన 212 మంది మాత్రం అంకెగా నిలబడతారు. చదివే పిల్లకి లోకం మొత్తం నవ్వినట్టే ఉంటుంది. అందుకే సభలో ఊరుకోవడంతో జరిగిన పని, ఇక్కడ ఎవరో ఒకరు నోరు విప్పితే తప్ప జరగదు.

ఆ నోరు మొదట విప్పింది మనవాళ్ళు కాదు. బుధవారం ఒక కన్నడ ఆవిడ రాసింది: "నమ్మ మనెయల్లూ హీగే మాడ్తీవి. చెన్నాగిదె తంగి." మా ఇంట్లోనూ ఇలాగే చేస్తాం, బాగుంది చెల్లీ అని. ఎవరినీ తిట్టలేదు, ఎవరి పేరూ ఎత్తలేదు. పిల్ల ఆ ఒక్కదాన్ని నాకు చూపించడానికి వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది. దాని కింద కోలారు ఆయనొకరు, మా వీధిలో ఒక ఇంట్లో ముద్దె, పక్కింట్లో సంగటి, నేను రెండిళ్ళలోనూ తింటానన్నాడు. అప్పుడు నాకు సిగ్గేసింది. అన్నీ చదువుతున్న పెద్దమ్మని, నేనేమీ రాయలేదు.

రాశాను. మా చుట్టాల్లో ఆరుగురికి చెప్పాను. ఇక్కడ నాకొక భయం ఉంది, దాచను. పదిమందిని పోగేసి పంపడమే కదా అవతలివాళ్ళూ చేసేది? నాలుగు నెలల్లో మనమూ ఒక గుంపు అయిపోమా? అందుకే తిట్టినవాడి మాట కింద ఎవరూ రాయొద్దు, వాడి ఫొటో ఎక్కడా తిప్పొద్దు, పిల్లతో మాట్లాడాలి, సంగటి గురించి మాట్లాడాలి అని చెప్పాను. మా మేనత్త, నూకలు నానబెట్టకపోవడం వల్ల ఉండలు కట్టిందని అరపేజీ రాసింది. అయినా ఆ భయం పూర్తిగా పోలేదు. మూడో అంతస్తు కుర్రాడి ఫొటో అందరికీ చూపిద్దామనుకున్న ఆ గంట నాకు గుర్తుంది.

అంతా చక్కబడిందని చెప్పలేను. తెలుగు బూతుని ఇంగ్లీషు అక్షరాల్లో పది రకాలుగా రాస్తే ఏ జల్లెడకీ దొరకదు, అవి ఇంకా అక్కడే ఉన్నాయి. కొన్ని మాటలున్న వ్యాఖ్యలు కనబడకుండా దాచే సదుపాయం ఉందని పిల్ల స్నేహితురాలు చూపించింది. వెక్కిరింతలన్నీ ఆపాలంటే ఆ జాబితాలో మొదట చేర్చాల్సిన మాట "బాగుండాది". పిల్ల ఫోను పట్టుకుని చాలాసేపు కూర్చుంది. "మా యమ్మ మాటని నేనెట్ల దాస్తా పెద్దమ్మా" అని ఆ పేజీ మూసేసింది.

రెండు నెలలు ఏమీ పెట్టలేదు. ఉగాదికి పచ్చడి చేసి, ఈసారి కిటికీకి తెర వేసి, మళ్ళీ వీడియో తీసింది. పొద్దున ఆరున్నరకి పెడతానని ముందురోజే చెప్పింది. నేను ఆరుంబావుకే లేచి, కాఫీ కూడా పెట్టుకోకుండా ఫోను పట్టుకుని కూర్చున్నాను. కనబడగానే మొదటి వ్యాఖ్య నేనే రాశాను: "వేపపువ్వు తక్కువేసినావు, మీ అమ్మ చూస్తే ఒప్పుకోదు. మాకు కొంచెం గిన్నెలో తీసి పెట్టు, సాయంత్రం వస్తాం." నేను రాసి ముగించేసరికి కింద ఇంకొకటి వచ్చింది. హీరో పేరు తీసేసి సొంత పేరు పెట్టుకున్నాడు గానీ, ట్యాంకు ఫొటో అదే. మామిడికాయ తురమాలా ముక్కలు కోయాలా అని అడిగాడు.

పిల్ల ఇంకా జవాబివ్వలేదు. ఇవ్వమని నేను అడగలేదు.